గురువారం వంతు

మా ఫ్రిజ్ మీద ఒక క్యాలెండర్ ఉంటుంది. పాల లెక్క కాదు, మనుషుల లెక్క. గురువారాలకి ఆకుపచ్చ చుక్క: ఓక్లండ్‌లోనే నాలుగు వీధుల అవతల ఉండే నా సహచరుడి రోజు. తొమ్మిదేళ్లుగా అంతే. మావారికి తెలుసు. మంగళవారాలు ఆయన ఎక్కడుంటారో నాకూ తెలుసు.

విన్నవాళ్లంతా "అసూయ రాదా?" అంటారు. వస్తుంది. వచ్చిన రాత్రే చెప్పుకుంటాం. అడగాల్సింది వేరే: ఇంట్లో అవసరం పడితే ఎవరి రోజుకి కోత పడుతుంది?

మా ఇంట్లో ఎప్పుడూ గురువారానికే. ఓ ఏడాది అత్తగారొచ్చారు, తర్వాత బాబుకి జ్వరం, ఆపైన ఆఫీసు పని. వరసగా నాలుగు వారాలు "సారీ" అని మెసేజ్ పెట్టాను. ఐదో వారం వెళ్లేసరికి అతను ఒక్క కంచం పెట్టుకుని తింటున్నాడు. "వస్తావనుకోలేదు" అన్నాడు. పోట్లాడినా బాగుండేది.

అప్పట్నుంచి రానని చెప్పే మెసేజ్‌లోనే మారు తేదీ కూడా రాస్తాను. మూడు నెలలకోసారి అందరం కూర్చుని మా ఒప్పందాలు సరిచూసుకుంటాం. రక్తపరీక్షల కాగితాలు బల్ల మీదే ఉంటాయి.

పక్కనే శాన్‌ఫ్రాన్సిస్కోలో 1971 నుంచి 1991 దాకా కెరిస్టా అనే కమ్యూన్ నడిచింది. మనవాళ్లు ఇంకొకరితో సుఖంగా ఉంటే మనకి కలిగే సంతోషానికి 'కంపర్షన్' అని పేరు పెట్టింది వాళ్లే. ఆ మాటనే అందరూ తలుచుకుంటారు. నన్ను పట్టుకున్నది మాత్రం వాళ్ల పడక వంతుల పట్టిక. ఎవరి మీదా ఎక్కువ మక్కువ చూపకూడదని రాత్రులు వరసగా తిరిగేవి. అంత లెక్క నేను భరించలేను. కానీ వంతు తప్పితే నొచ్చుకునేదెవరో వాళ్లకి తెలుసు.

వంతులు మనకి మాత్రం కొత్తా? ద్రౌపది విషయంలో పాండవుల నియమం, అది తప్పి అర్జునుడు తీర్థయాత్రకి పోవడం చిన్నప్పుడే విన్నాం. ఆవిడనెవరైనా అడిగారా అన్నది మా అమ్మమ్మ చెప్పలేదు.

మాలాంటి కుటుంబాలకి ఇల్లు అద్దెకివ్వడంలో వివక్ష చూపకూడదని 2024లో ఓక్లండ్ నగరం చట్టం చేసింది. దాచుకోవాల్సిన పని తగ్గింది, అత్తగారి దగ్గర తప్ప. ఈ నెల ఆవిడ మళ్లీ వచ్చారు. నిన్న చెప్పులు వేసుకుంటుంటే "ప్రతి గురువారం ఎక్కడికమ్మా?" అన్నారు.

"స్నేహితుడింటికండీ."

ఇంకేం అడగలేదు. లోపలికెళ్లి పులిహోర డబ్బా కట్టి తెచ్చారు. ఇద్దరికి సరిపడా పెట్టారు.