భార్హుత్ సోపానం: రెండు పాదముద్రల నడుమ

త్రయస్త్రింశ స్వర్గంలో తల్లికి అభిధర్మం బోధించిన బుద్ధుడు, వర్షావాసం ముగిశాక సాంకాశ్యంలో భూమికి దిగివచ్చాడని బౌద్ధ సంప్రదాయం. బుద్ధుడు నడిచిన రత్నసోపానానికి ఇరువైపులా దేవతలకు, బ్రహ్మలకు వేరువేరు సోపానాలు వెలిశాయంటారు. ఈ ఘట్టం భార్హుత్ స్తూప వేదికలోని అజాతశత్రు స్తంభంపై శిల్పరూపం పొందింది. 1873లో కన్నింగ్‌హామ్ గుర్తించిన ఆ వేదిక భాగాలు చాలావరకు నేడు కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఫలకం మధ్యలో మూడు వరుసల మెట్లు నిలువుగా సాగుతాయి. చుట్టూ అంజలి ఘటించిన జనం. మెట్లపై మనిషి లేడు. పై మెట్టుమీద ఒక పాదముద్ర, అడుగు మెట్టుమీద మరొకటి మాత్రమే ఉన్నాయి. బుద్ధుని మానుషరూపంలో చూపని కాలపు శిల్పం గనుక పాదముద్ర ఆయనకు ప్రతీక అని సాధారణంగా వివరిస్తారు. ఆ వివరణ తప్పు కాదు, కాని చాలదు.

అమరావతి బుద్ధపాదాలతో పోల్చితే కొరత తెలుస్తుంది. అక్కడ రెండు పాదాలు పక్కపక్కన, జంటగా ఉంటాయి. అవి నిలిచి ఉన్న సన్నిధిని సూచించే పూజావస్తువులు. భార్హుత్ శిల్పి ఆ జంటను విడదీసి సోపానపు రెండు కొసలలో ఉంచాడు. విడదీయగానే పాదముద్ర అడుగుగా మారింది. రెండింటి నడుమ ఉన్న ఖాళీ మెట్లను చూపరి కన్నే దిగవలసి వస్తుంది. ఇక్కడ లోపించింది రూపం మాత్రమే. అవరోహణ ఫలకంలోనే ఉంది.

సాంచి ఉత్తర తోరణ స్తంభంపై ఇదే ఘట్టం మరింత పొందికగా కనిపిస్తుంది. అక్కడ సోపానం పైన ఒక వృక్షం, కింద మరొక వృక్షం బుద్ధుని ఉనికిని తెలుపుతాయి. కూర్పులో భార్హుత్ ఫలకం కంటే అది మెరుగు. భార్హుత్‌లో జనం కిక్కిరిసి ఉన్నారు. అయినా వృక్షం నడవదు. సాంచి శిల్పం ఆది, అంతాలను చెబుతుంది. భార్హుత్ శిల్పం నడకను చూపుతుంది.

ఇటువంటి ఫలకాలలో అనేకం బుద్ధజీవిత ఘట్టాలు కావనీ, పుణ్యక్షేత్రాలలో జరిగిన ఆరాధనకు చిత్రణలనీ సుసాన్ హంటింగ్టన్ 1990లో వాదించారు. ఒకే ప్రతీకకు పలు అర్థాలు ఉండవచ్చని విద్యా దెహెజియా మరుసటి ఏడాది సమాధానమిచ్చారు. ఈ ఫలకం సాంకాశ్య క్షేత్రంలోని సోపానపూజను చూపుతుందని అనుకున్నా, పాదముద్రలను రెండు కొసలకు ఎందుకు విడదీశారన్న ప్రశ్న నిలిచే ఉంటుంది. క్షేత్రాన్ని గుర్తించడానికి మెట్లు చాలు. దెహెజియా వాదమే ఈ ఫలకానికి ఎక్కువగా నప్పుతుంది. భక్తుడు నేటి క్షేత్రాన్నీ నాటి సంఘటననూ ఒకే చోట చూడగలడు.

యాత్రికుల కథనాలు ఈ చూపు తర్వాతి చరిత్రను తెలుపుతాయి. ఏడు మెట్లు తప్ప సోపానాలన్నీ భూమిలోకి కుంగిపోయాయనీ, వాటి అడుగు తెలుసుకోవాలని అశోకుడు తవ్వించినా అంతు దొరకలేదనీ 5వ శతాబ్ది ఆరంభంలో ఫాహియాన్ విన్నాడు. ఆ సోపానం కూడా కొంతే కనబడి, మిగిలినది ఊహకు విడిచిపెట్టింది. 7వ శతాబ్దిలో హ్యుయాన్‌త్సాంగ్ వచ్చేనాటికి పాత మెట్లు పూర్తిగా కనుమరుగయ్యాయి. వాటి స్థానంలో రాజులు ఇటుకలతో, రాళ్లతో కట్టించిన సోపానాలపై బుద్ధుడు, బ్రహ్మ, ఇంద్రుడు దిగుతున్నట్లు విగ్రహాలు ఉన్నాయని ఆయన రాశాడు. అప్పటికి చూపరి పనిని విగ్రహం తీసుకుంది. ఇది కళ క్షీణించిందనడానికి ఆధారం కాదు. చూపరి నుంచి శిల్పం కోరినది మారిందనడానికి ఆధారం.

అందువల్ల భార్హుత్ ఫలకాన్ని విద్యార్థులకు పరిచయం చేసేటప్పుడు, బుద్ధుడు ఇక్కడ లేడన్న వాక్యంతో మొదలుపెట్టడం సరికాదు. పై మెట్టు నుంచి అడుగు మెట్టు వరకు ముందుగా చూడమనాలి. ప్రతీకల పట్టిక ఆ తర్వాత చెప్పవచ్చు.