కుడి గుండెను కొలిచే చేతులు

గుండె బలహీనపడిందంటే అందరి చూపూ ఎడమ జఠరిక మీదే. రొమ్ము ఎముక వెనక నెలవంకలా ఒదిగి ఉండే కుడి జఠరిక ఎకోకు కూడా ఓ పట్టాన చిక్కదు. కార్డియోమయోపతీ రోగిలో దాని సత్తువ తేల్చే న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఈ పరీక్షలో మందుగా వాడే రేడియోధార్మిక టెక్నీషియం-99ఎం 6 గంటల్లో సగానికి తరిగిపోయే సరుకు. అందుకే ప్రతి సిరంజినీ గడియారం చూసుకుంటూ కొలుస్తారు. ఛాతీకి ఈసీజీ అతికించి, "ఊపిరి బిగపట్టకమ్మా, మామూలుగా తీసుకో" అంటూ, మోచేతి మడతలోని సిరలోకి మందును ఒక్క ఊపున పంపి, వెంటనే సెలైన్‌తో తోస్తారు. ఊపు తడబడినా, రోగి ముక్కినా మందు చెదిరిపోతుంది, లెక్క తప్పుతుంది. మందు ఊపిరితిత్తులకు సాగిపోయేలోగా, కుడి గుండెలో నిలిచే ఆ కొద్ది సెకన్లలోనే గామా కెమెరా గుప్పెడు స్పందనల్ని ఒడిసిపడుతుంది. జఠరిక గది నిండినప్పుడు ఎన్ని కిరణాలు, ముడుచుకున్నప్పుడు ఎన్ని? నిండినప్పటి లెక్కలో ఆ తేడా ఎంత వంతో, అదే ఎజెక్షన్ ఫ్రాక్షన్. గది ఎంత వంకరగా ఉన్నా ఈ లెక్కకు ఆకారంతో పనిలేదు. ఆ ఒక్క అంకె, కాళ్లవాపుతో, ఆయాసంతో వచ్చిన మనిషికి మందులు చాలా, గుండె మార్పిడి దాకా ఆలోచించాలా అన్న వైద్యుల తర్జనభర్జనకు గట్టి ఆధారం. సూది మొన దగ్గర వణకని ఆ చెయ్యి ఎంత చల్లనిదో!