పై స్థాయి గొంతుకి మొదటి పాట

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. అలాంటి మిషన్లతో ఇక్కడ వెలసిన చర్చిల క్వయర్లలో సొప్రానో, అంటే పై గొంతు, వరసలో నిలబడే ఆడపిల్లలు ఈ తీరం పొడుగునా ఉన్నారు. అలాంటి పిల్ల ఒకతి పాట నేర్చుకుంటానని వస్తే, నెమ్మదిగా సాగుతుంది కదా, తేలికగా ఉంటుందని ‘కారో మియో బెన్’ అనే ఇటాలియన్ పాట ఇచ్చాను. రెండో వరసకే ఊపిరి అయిపోయింది. మెడనరాలు ఉబ్బాయి. తప్పు పిల్లది కాదు, నాది.

నెమ్మది పాటకి దీర్ఘమైన ఊపిరి కావాలి. అది లేని పిల్ల గొంతు బిగించి స్వరాన్ని నిలబెడుతుంది. చురుకైన పాటలో బిగించే వ్యవధే ఉండదు. వరసలు పొట్టివి, ఊపిరి తీసుకునే చోటు వెంటనే వస్తుంది.

అందుకే ఇప్పుడు ముందుగా అలెస్సాండ్రో స్కార్లత్తి ‘జా ఇల్ సోలే దల్ గాంజే’ ఇస్తున్నాను. 1680లో రోములో ఆడిన ఆయన ఒపెరాలోది. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు నిండలేదు. గంగ మీంచి పొద్దు పొడిచి, వేకువ కార్చిన కన్నీటి బొట్లని ఆరబెడుతుందని అందులోని భావం. గంగని చూడకపోతేనేం, మైపాడు ఒడ్డున సముద్రంలోంచి లేచే సూర్యుణ్ణి చూసిన పిల్లకి ఆ పాటలోని ఉత్సాహం ఎవరూ వివరించనక్కర్లేదు. రెండు చరణాలూ ఒకే వరసలో నడుస్తాయి కాబట్టి మొదటిది వస్తే రెండోదానికి మాటలు నేర్చుకుంటే చాలు.

ఇటాలియన్ మాటలు చాలావరకు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. అచ్చు మీదే కదా గొంతు విచ్చుకునేది! చిక్కల్లా ఇంగ్లీషు చదువు వల్ల వస్తుంది. ‘లె వియొలెత్తె’ అన్న పాట పేరుని మా పిల్ల ‘వయొలెట్టె’ అంది.

“అత్త అను తల్లీ.”

“అత్త.”

“నాలుక ఎక్కడ ఆనింది?”

“పళ్లకి, మేడం.”

“అక్కడే ఆనించి పాడు.”

వెంటనే కుదిరింది. ఇటాలియన్ త, ద మన దంత్యాలే. ద్విత్వాక్షరం మీద ఆగి కదలడం మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఇంగ్లీషువాళ్లు కష్టపడి నేర్చుకునేది మనకి ఇంట్లోనే ఉంది.

కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లలతో మాత్రం ఒక జాగ్రత్త. గమకం వాళ్ల గొంతులో దానంతటదే వచ్చేస్తుంది. ఇక్కడ ప్రతి స్వరం విడిగా, ఊగకుండా నిలవాలి. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య వరసలకి సంస్కృత సాహిత్యం కట్టిన నొట్టుస్వరాలు నాలుగు పాడించి చూడండి, శంకరాభరణమే అయినా గమకం లేకుండా పాడడం అలవాటవుతుంది.

పాట ఎంచేటప్పుడు అందరూ అన్నిటికంటే పై స్వరం ఎంత అని చూస్తారు. చూడాల్సింది పాట ఎక్కువసేపు ఏ స్వరాల మధ్య తిరుగుతోందన్నది. ఒక్కసారి పైకి వెళ్లి దిగివచ్చే పాట అలసట కలిగించదు. పైనే కాపురం పెట్టే పాట గొంతుని అరగదీస్తుంది. ఈ ఇటాలియన్ పాటలు పై గొంతుకి, కింది గొంతుకి వేర్వేరు శ్రుతుల్లో అచ్చయ్యాయి. పిల్లది పై గొంతే అయినా మొదటి నెలల్లో కింది శ్రుతి పుస్తకం వాడడానికి సంకోచించకండి.

‘జా ఇల్ సోలే’ తర్వాత పైసియెల్లో ‘నెల్ కోర్ ప్యూ’ బాగుంటుంది. 1788 నాటి ఒపెరాలోది, తిశ్ర నడకలా ఊగుతుంది. మళ్లీ పాడేటప్పుడు సంగతులు వేసినట్టు చిన్న చిన్న అలంకారాలు చేర్చుకోవచ్చు. దురాంతే ‘దాన్త్సా దాన్త్సా’ పిల్లలకి తెగ నచ్చుతుంది గానీ, ఆ వేగానికి నాలుక తిరగాలంటే ఏడాది సాధన కావాలి. అడిగినా ఇవ్వకండి.

క్వయర్ నడిపే అన్నలకీ అక్కలకీ ఒక మాట. ఈసారి సన్నని గొంతు పిల్ల వస్తే, పై స్వరం ఎంతవరకు అందుతుందో పరీక్షించకండి. ఒక చురుకైన పాట ఇచ్చి, మెడ వదులుగా ఉందో లేదో చూడండి.