చేతి కింద ఇటుక

“నా ఒళ్లు వంగదండీ, ఈ వయసులో నాకు యోగా ఏం వస్తుంది?” యోగా తరగతికి కొత్తగా వచ్చేవాళ్లు గుమ్మం దగ్గరే ఆగి ఈ మాట అంటారు. పాదం తల వెనక్కి వేసుకున్నవాళ్ల ఫొటోలు ఫోన్లో చూసి చూసి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది తమకు కాదనుకుని వెళ్లిపోతారు. యోగా ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే దానికి దూరమవుతున్నారు. నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నిజానికి పతంజలి యోగసూత్రాలు మొత్తం 200కు లోపే. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడంటే మూడు. కూర్చున్న తీరు నిలకడగా, హాయిగా ఉండాలంటాడాయన. ఏ భంగిమ పేరూ చెప్పడు. ఇవాళ మనం తరగతుల్లో వేసే నిలుచునే ఆసనాలు చాలావరకు ఈ రూపానికి వచ్చింది 20వ శతాబ్దంలోనే. 1930లలో మైసూరు మహారాజు ఆదరణతో తిరుమల కృష్ణమాచార్య జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఆయన బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్ ఒకరు.

1918లో బెళ్లూరులో పుట్టిన అయ్యంగార్ చిన్నతనమంతా జబ్బులతోనే గడిచింది. మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని వెనక ఒకటి వచ్చి పిల్లవాణ్ణి పీల్చి పిప్పి చేశాయి. ఆ ఒంటితోనే ఆసనాలు నేర్చుకుని, 1937లో పుణె వెళ్లి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1966లో వచ్చిన ఆయన పుస్తకం ‘లైట్ ఆన్ యోగా’లోని వందలాది ఫొటోలను లోకమంతా నోరు తెరుచుకుని చూసింది. నేను మాత్రం ఆ ఫొటోల కంటే ఆయన తరగతిలోని ఇటుకకే ఎక్కువ మొక్కుతాను. ఇటుక, గోడ, కుర్చీ, తాడు, బెల్టు, మడత పెట్టిన దుప్పటి, ఇలా ఇంట్లో దొరికే వస్తువులతోనే ముసలివాళ్ల చేత, జబ్బుపడినవాళ్ల చేత ఆయన ఆసనాలు వేయించారు.

త్రికోణాసనమే తీసుకోండి. కాళ్లు ఎడంగా పెట్టి, కుడిపక్కకు ఒరిగి, కుడిచేయి కిందికి, ఎడమచేయి పైకి చాపాలి. చేయి నేలకు తాకించి తీరాలని పట్టుబడితే మోకాలు వంగిపోతుంది, పైనున్న తుంటి ముందుకు పడిపోతుంది, ఛాతీ నేలవైపు తిరుగుతుంది. చేయి నేలకు ఆనుతుంది గానీ ఊపిరి బిగుసుకుపోతుంది. అదే చీలమండ పక్కన ఒక ఇటుక నిలబెట్టి దానిమీద చేయి ఆనించండి. నడుము రెండువైపులా సమంగా సాగుతుంది, ఛాతీ తెరుచుకుంటుంది. మా గురువుగారు నా చేతి కింద ఇటుక పెట్టిన రోజే పక్కటెముకల మధ్య గాలి ఆడటం ఎలా ఉంటుందో నాకు తెలిసింది. ఇప్పటికీ నా చాప పక్కన ఇటుక ఉంటుంది.

ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో చిక్కు తొడల వెనక ఉంటుంది. అక్కడి కండరాలు పిరుదుల కింది ఎముకల నుంచి మోకాలి కిందిదాకా ఉంటాయి. అవి బిగుసుకుపోతే కటి ముందుకు వాలదు, వంపంతా నడుము మీద పడుతుంది. పీట మీద కూర్చుని తినడం, కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరగడం పోయి, పొద్దస్తమానం కుర్చీకి అలవాటుపడ్డ ఒళ్లు మనవి. బిగుసుకోక ఏం చేస్తాయి? పిరుదుల కింద దుప్పటి మడత వేసుకుని, పాదాలకు బెల్టు చుట్టి పట్టుకుంటే నడుముకు బరువు తగ్గుతుంది.

ఎంత వంగామన్నది అద్దం చెబుతుంది. సరిగ్గా వంగామా లేదా అన్నది ఊపిరి చెబుతుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. అందుకే వదిలే ఊపిరి తీరుబడిగా సాగితే ఒంట్లో బిగువు సడలుతుంది. ఆసనంలో ఊపిరి ఆగిందంటే ఒక మెట్టు వెనక్కి రావాలి, అంతే.

మరికొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. కడుపు ఖాళీగా ఉండాలి, భోజనం చేసి మూడు నాలుగు గంటలైనా గడవాలి. గ్లాకోమా ఉన్నవాళ్లు తలకిందులయ్యే ఆసనాలు వేయకూడదు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. రక్తపోటు ఎక్కువున్నవాళ్లు, గర్భిణులు ఊపిరి విసురుగా వదిలే కపాలభాతి జోలికి పోవద్దు.

2025 జూన్ 21న విశాఖ సముద్రతీరం పొడవునా లక్షల మంది కలిసి ఆసనాలు వేశారు. అంతమంది ఒక్కచోట చాప పరచడం నాకు సంతోషమే. కానీ మైకులోంచి వచ్చే గొంతుకు మీ మోకాలు కనబడదు. చూసి, చేయి పట్టి సరిదిద్దే మనిషి కావాలి. తరగతిలో చేరే ముందు అక్కడ బెల్టులు, చెక్క దిమ్మలు ఉన్నాయేమో అడగండి. లేకపోతే ఇంటి నుంచి పాత గుడ్డ చుట్టిన రెండు ఇటుకలు, బెల్టుకు బదులు ఒక చున్నీ పట్టుకెళ్లండి. “ఇవన్నీ ఎందుకమ్మా, గట్టిగా వంగితే అదే వస్తుంది” అన్నారంటే, వేరే గురువును వెతుక్కోండి.