గడ్డిని మాగబెట్టే అమ్మోనియా

తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ) నీళ్లు పారే పొలాల్లో వరికోతలయ్యాక గడ్డివాములు లేస్తాయి. ఆదోని, ఎమ్మిగనూరు మెట్టపల్లెల్లో మాత్రం వానలు ముఖం చాటేసిన ఏడు జొన్నచొప్పకే కరువు. అప్పుడు బర్రెకు వరిగడ్డే దిక్కు. కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. అందులో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే.

ఈ గడ్డికి యూరియా పట్టించి మాగబెట్టే పని నాకెంతో ఇష్టం. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. యూరియాను నీళ్లలో పూర్తిగా కరిగించి, గడ్డిని పొరలుగా పరుస్తూ, ప్రతి పొర మీదా సమంగా చల్లి కాళ్లతో గట్టిగా తొక్కాలి. ఎంత తొక్కితే అంత మేలు. గాలి చొరబడకుండా పట్ట కప్పి, అంచులకు మట్టి వేసి మూడు వారాలు కదిలించకూడదు.

లోపల సూక్ష్మజీవుల ఎంజైమ్ యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది. అది ఆ తడిలోనే కరిగి క్షారమవుతుంది. అద్దాలు తుడిచే అమ్మోనియా నీళ్లు జిడ్డును వదిలించేదీ ఈ క్షారగుణంతోనే. ఇక్కడ అది గడ్డిపీచును బిగబట్టిన లిగ్నిన్ పట్టును సడలిస్తుంది. గడ్డిలో నిలిచిన నత్రజనితో పశువు పొట్టలోని సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవే పశువుకు మాంసకృత్తులవుతాయి. గడ్డిలో మాంసకృత్తుల లెక్క ఏడెనిమిది శాతానికి చేరుతుంది.

పట్ట తీయగానే కళ్లలో నీళ్లు తెప్పించే ఘాటు రావాలి. రాలేదంటే ఎక్కడో గాలి దూరినట్టే. ఏ పూటకాపూట కావలసినంత తీసి, ఆ ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదట్లో మామూలు గడ్డిలో కలిపి వేయాలి.

యూరియాను నేరుగా కుడితిలోనో దాణాలోనో మాత్రం ఎన్నడూ కలపకండి. పొట్టలో అమ్మోనియా ఒక్కసారిగా పుట్టి నెత్తురులోకి ఎక్కుతుంది, పశువు గంటల్లో చచ్చిపోవచ్చు. ఆరునెలల లోపు దూడలకు మాగిన గడ్డి కూడా వద్దు.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో మంచి ఎద్దుల జత కోసం ఎంత డబ్బుకైనా వెనుకాడని రైతులు మనవాళ్లు. రూ.266.50 పెట్టి కొన్న 45 కిలోల బస్తాలో క్వింటాలు గడ్డికి పట్టేది పాతిక రూపాయల యూరియా కూడా కాదు. అయినా మన ఊళ్లలో ఈ పనికి దక్కాల్సినంత ఆదరణ లేదు. అది నాకు బాధ. ఈసారి కోతలయ్యాక మీ ఊరి పశువైద్యుణ్ణి పక్కన పెట్టుకుని ఒక్క క్వింటాలు గడ్డితో మొదలుపెట్టండి.