కార్ఖానా మాట, పుస్తకపు మాట

ఒక సీమకు పరిశ్రమ వచ్చినప్పుడు యంత్రాలతోపాటు మాటలు కూడా వస్తాయి. ఆ మాటలు ఎంతవరకు తెలిస్తే పరిశ్రమ కూడా విద్యార్థికి అంతవరకే తెలుస్తుంది. నల్లగొండ, పాలమూరు సీమల్లో ఈ సంగతి స్పష్టంగా చూడవచ్చు. కృష్ణ ఒడ్డున సిమెంటు కర్మాగారాలు, మిర్యాలగూడలో ధాన్యపు మిల్లులు, పోచంపల్లిలో మగ్గాలు, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కర్మాగారాలు ఉన్నాయి. అంటే ఇక్కడి విద్యార్థికి పరిశ్రమ కొత్తది కాదు. పాఠంలో దానికి పెట్టిన పేర్లే కొత్తవి. ఆ పేర్లు ఎంతవరకు తగినవో పరిశీలించడం అవసరం.

శాస్త్రానికి తెలుగు మాటలు కూర్చే పని పాతదే. 1906లో హైదరాబాదులో వెలసిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్ర గ్రంథాలను తెలుగులో వెలువరించింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య ప్రారంభించినప్పుడు దానికి కావలసిన మాటలను అనువాద శాఖ ఎక్కువగా అరబ్బీ, పారశీక ధాతువులనుంచి తయారుచేసింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కాలంలో సంస్కృతం ఆ స్థానం తీసుకుంది. మూలభాష మారిందేగాని పద్ధతి మారలేదు. రెండుచోట్లా పని జరిగే తావును వదలి నిఘంటువును ఆశ్రయించడమే ఎక్కువగా జరిగింది.

ఒక ఉదాహరణ చూడండి. సున్నపురాయిని గట్టిగా వేడిచేస్తే బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి సున్నం మిగులుతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలకు 56 కిలోల సున్నం, 44 కిలోల వాయువు వస్తాయి. సిమెంటు బట్టీలో కూడా మొదట జరిగేది ఇదే. తరువాత వేడి సుమారు 1450 డిగ్రీలకు చేరి క్లింకరు ఏర్పడుతుంది. ఈ మొదటి చర్యకు పాఠ్యపుస్తకం పెట్టిన పేరు 'భస్మీకరణం'. ఆయుర్వేదంలోని లోహభస్మాలు ఎరిగినవారికి ఈ పేరు సబబుగానే తోచవచ్చు. కాని పదో తరగతి పిల్లవానికి భస్మమంటే బూడిద, బూడిద అంటే గాలిలో మండి మిగిలినది. ఇక్కడ రాయి మండదు, గాలితో దానికి పని లేదు. గాలి తగులుతుండగా వేడిచేసే 'భర్జనా'నికీ దీనికీ ఉన్న ముఖ్యమైన భేదమే ఇది. పేరు ఆ భేదాన్ని చెరిపివేస్తున్నది. మన పల్లెల్లో కుండలు కాల్చడం, ఇటుకలు కాల్చడం, సున్నం కాల్చడం అన్న వాడుక ఉంది. అక్కడ 'కాల్చడం' అంటే బూడిద చేయడమని ఎవరూ అనుకోరు. ఇంకొక విశేషమేమంటే, కాల్సినేషన్ అనే ఇంగ్లీషు మాట సున్నమనే అర్థమున్న లాటిన్ మాటనుంచి పుట్టింది. వారి శాస్త్రపదమూ సున్నపు బట్టీలోంచి వచ్చినదే!

అయితే వాడుకమాట ప్రతిచోటా చాలుతుందనడం కూడా పొరపాటే. ఫ్లోరైడు నీటిని శుద్ధిచేసే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ పద్ధతి' అన్న పేరు స్థిరపడింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో నీటికి సున్నం, పటిక, బ్లీచింగు పౌడరు కలిపి, తేర్చి వడగడతారు. పటికతోగాని చిల్లగింజతోగాని నీరు తేర్చడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. కాని 'తేర్చడం' అన్న ఒక్క మాటలో మూడు పనులు ఇమిడి ఉన్నాయి: నలుసులు ఒకదానికొకటి అంటుకోవడం, అవి అడుగుకు దిగడం, పైనున్న తేట వేరుకావడం. శాస్త్రానికి వీటిని విడదీసి చెప్పే అవసరం ఉంది. కాబట్టి మొదటిదానికి 'స్కందనం' అనే ప్రత్యేకపదం ఉండడం న్యాయమే. ఇంటిమాటతో పాఠం మొదలుపెట్టి శాస్త్రపదానికి చేర్చడమే ఇక్కడ ఉపాధ్యాయుడు చేయదగినది.

వాణిజ్యశాస్త్రంలో పరిస్థితి మెరుగు. చిట్టా, ఆవర్జా, జమ, తరుగుదల వంటి మాటలు దుకాణంలో, కచేరీలో పుట్టినవి. 'ఆవర్జా' పారశీకమని ఎవరూ దాన్ని వెలివేయలేదు. ఎరువుల బస్తాలతో రైతు ఇంటికి చేరిన నత్రజని, భాస్వరం నిలిచాయి. పనిలోకి దిగని ఆమ్లజని, ఉదజని వెనుకబడ్డాయి. మాట ఏ భాషదన్నదానికంటే ఎక్కడ వాడారన్నదే దాని ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తున్నది.

అర్థశాస్త్రపు మాటల్లో చిక్కు మరింత లోతైనది. కూలివాడు ఒకచోటినుంచి మరొకచోటికి పనికి పోవడాన్ని పుస్తకాలు 'శ్రామికుల గమనశీలత' అంటాయి. పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు, కాలువలు కట్టారు. వారిలో ఎందరో గుంపుమేస్త్రీ దగ్గర ముందుగా అడ్వాన్సు తీసుకొని, అది తీరేదాకా అతడు చెప్పినచోట పనిచేసినవారే. 'గమనశీలత' అన్న మాటలో ఆ బాకీ కనిపించదు, మనిషి తన ఇష్టం కొద్దీ కదిలినట్టే ఉంటుంది. 'మేస్త్రీ', 'అడ్వాన్సు' అన్న రెండు మాటలు లేని పాఠం ఆ జిల్లా పిల్లలకు వారి తల్లిదండ్రుల కథనే తప్పుగా చెబుతుంది.

పనిలోంచి మాట ఎట్లా పుడుతుందో పోచంపల్లి సీమ చూపింది. రంగు అద్దకానికి ముందు నూలును అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ పోయడాన్ని నేతవారు 'ఆసు' అంటారు. ఒక చీరకు చేయి వేలసార్లు ఆడాలి. నాలుగైదు గంటలు పట్టేది. తల్లి భుజాల నొప్పి చూసిన చింతకింది మల్లేశం 1999లో యంత్రం నిర్మించి, దానికి ఆమె పేరు చేర్చి 'లక్ష్మీ ఆసు యంత్రం' అన్నాడు. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. అదే పని సుమారు గంటన్నరకు దిగింది. 'ఉత్పత్తి', 'ఉత్పాదకత' అనే మాటలను విద్యార్థులు ఒకటిగా పొరబడుతుంటారు. ఎన్ని చీరలకు ఆసు పోశారన్నది ఉత్పత్తి, ఒక గంట శ్రమకు ఎంత పని తెమిలిందన్నది ఉత్పాదకత. ఇట్లా చెబితే ఆ రెండు సంస్కృతపదాలూ బరువనిపించవు.

పదకోశాలు కూర్చేవారు బట్టీ, మిల్లు, మగ్గం దగ్గరికి వెళ్లి మాటలు సేకరించాలి. అర్థం సరిపోయినచోట వాటినే స్వీకరించి, చాలనిచోట మాత్రమే కొత్తపదం కల్పించాలి. ఈలోగా ఉపాధ్యాయులు ప్రతి పాఠానికి తమ ఊరి పనిమాటలను విద్యార్థులచేత రాయించి, పుస్తకపు మాటల పక్కన పెట్టి, ఎక్కడ అర్థం కలుస్తున్నదో ఎక్కడ తేడా వస్తున్నదో తరగతిలో చర్చించవచ్చు. ఆ పట్టిక రేపటి పదకోశానికి కూడా పనికివస్తుంది.