పుటలో ఖాళీ ఎంత ఉండాలి?

ఖాళీ ఎక్కువ ఉంటే అందమనీ, తక్కువ ఉంటే పొదుపనీ చాలామంది అనుకుంటారు. విమర్శకు ఈ రెండు కొలతలూ చాలవు. ఆ ఖాళీ పాఠకుడికి దేన్ని విడదీసి చూపుతోంది? మనం అడగవలసిన ప్రశ్న ఇది.

తాటాకు ప్రతులను గమనించండి. వాటిలో మాటల మధ్య ఎడం ఉండదు. పద్యమైనా ఆకు చివరిదాకా ఒకే బారుగా సాగుతుంది. పద్యం నడక చెవికి పట్టినవారికి అది చాలింది. ఎక్కడ ఆగాలో వారికి గొంతే చెప్పేది.

అచ్చుపుస్తకం పద్యాన్ని పాదాలుగా విడగొట్టి చూపుతుంది. ఉత్పలమాలనే తీసుకోండి. పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతిస్థానం, 2వ అక్షరం ప్రాస. నాలుగు పాదాలనూ నాలుగు వరుసల్లో వేస్తే ప్రాస ఒకదాని కింద ఒకటిగా కంటికి కనిపిస్తుంది. ఛందస్సు నేర్చుకునేవారికి ఇది మేలు. అయితే తెలుగు పద్యంలో పాదం చివర మాట ముగియాలనే నియమం లేదు. సగం మాట పై వరుసలో, మిగతా సగం కింది వరుసలో పడవచ్చు. అంటే లయను చూపే ఖాళీయే అర్థాన్ని తెంచుతుంది. అందువల్ల పదవిభాగమూ తాత్పర్యమూ ఇవ్వని పాఠ్యపుస్తకం, ఎంత విశాలంగా అచ్చయినా, విద్యార్థికి అసంపూర్ణమే.

వరుసల మధ్య ఎడం సంగతి వేరు. ‘రాష్ట్రం’ అన్న మాటలో ఒకే అక్షరానికి రెండు ఒత్తులున్నాయి. గుడి, ఏత్వం అక్షరం పైన కూర్చుంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడాన్నే తెలుగుకూ వాడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. కాగితం మిగులుతుంది గాని కన్ను అలసిపోతుంది.

ఇక వచన కవిత. వరుసకు ఒక్క మాట చొప్పున వేసినంత మాత్రాన కవిత్వం కాదు. పైకి చదివి చూడండి. వరుస విరిగినచోట గొంతు ఆగకపోతే, భావం మలుపు తిరగకపోతే, ఆ ఖాళీ వృథా.

మీరు గురువు ఎదుట లేకుండా చదువుకుంటున్నారు. తరగతిలో గురువు ఒక విషయం ముగించి కాసేపు ఆగుతాడు. పుస్తకంలో ఆ పని పేరాల మధ్య ఖాళీ చేస్తుంది. పొదుపు పేరుతో దాన్ని తీసేస్తే ఆ నష్టం మీదే.

అభ్యాసం: మీ దగ్గరున్న ఏదైనా శతకంలో ఒక పుట తీసుకోండి. అందులోని ఖాళీ లయను చూపుతోందా, అర్థాన్ని చూపుతోందా? పది వాక్యాల్లో వివరించండి.